సీనేమ్ పెట్టినా డొమైన్ మళ్లడం లేదా? రికార్డు నుంచి రీడైరెక్ట్ దాకా చేయాల్సిన పనులు

కొత్తగా డొమైన్ కొన్నవాళ్ల దగ్గర తరచూ వినపడే మాట ఇది. రిజిస్ట్రార్ దగ్గర, అంటే డొమైన్ అమ్మిన కంపెనీ దగ్గర, సీనేమ్ రికార్డు పెట్టేశాను, గంటలు గడిచాయి, పాత డొమైన్ కొడితే కొత్త సైటు రావాలి కదా, రావడం లేదు, పైగా బ్రౌజర్ ఏదో సెక్యూరిటీ వార్నింగ్ చూపిస్తోంది అంటారు. తీరా చూస్తే రికార్డు సరిగ్గానే ఉంటుంది. సీనేమ్ చేయని పనిని సీనేమ్ నుంచి ఆశించడం వల్లే ఈ చిక్కంతా. అది డొమైన్‌ని మళ్లించదు. ఈ పేరుకి అసలు పేరు ఫలానా అని చెప్పి ఊరుకుంటుంది. మళ్లించే పని వెబ్ సర్వర్‌ది. ఈ రెండు పనులూ వేరని పట్టుకుంటే మిగతాదంతా ప్యానెల్‌లో నాలుగైదు బాక్సులు నింపడమే, అందుకే ముందు ఆ తేడా చెప్పి తర్వాత ఒక్కో పనిలోకి వెళ్తాను.

ఊళ్లో బుజ్జి ఇల్లెక్కడ అని అడిగారనుకోండి, "బుజ్జి అంటే వెంకటలక్ష్మి, ఆవిడ ఇల్లు రామాలయం పక్కన" అని చెప్తారు. మీరు అక్కడికి వెళ్లి తలుపు కొట్టి మళ్లీ "బుజ్జి ఉందా" అనే అడుగుతారు. ఆ ఇంట్లో వాళ్లకి బుజ్జి అనే పేరు తెలిస్తే లోపలికి రమ్మంటారు, తెలియకపోతే అలాంటివాళ్లు ఇక్కడ లేరంటారు. సీనేమ్ సంగతి సరిగ్గా ఇంతే. మీ డొమైన్ పేరు బ్రౌజర్‌లో కొట్టగానే డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టే వ్యవస్థ) వెళ్లి సీనేమ్‌లో ఉన్న అసలు పేరు చూస్తుంది, ఆ పేరుకున్న ఐపీ అడ్రస్, అంటే సర్వర్‌కుండే అంకెల చిరునామా, తెచ్చిస్తుంది, బ్రౌజర్ ఆ ఐపీకి వెళ్తుంది. కానీ అక్కడి సర్వర్‌ని అడిగేటప్పుడు మీరు కొట్టిన పేరుతోనే అడుగుతుంది. ఆ సర్వర్‌కి మీ పేరు ముందే చెప్పి ఉండకపోతే 404 పేజీ వస్తుంది, లేదా హోస్టింగ్ కంపెనీ డీఫాల్ట్ పేజీ వస్తుంది. మీ పేరు మీద ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్, అంటే ఈ సర్వర్ నిజంగా ఆ పేరుదేనని బ్రౌజర్‌కి చూపించే రుజువు, లేకపోతే వార్నింగ్ వస్తుంది. అన్నీ కుదిరి సైటు తెరుచుకున్నా అడ్రస్ బార్‌లో మీరు కొట్టిన పేరే ఉంటుంది, మారదు.

అడ్రస్ బార్‌లో పేరు మారిందంటే అది రీడైరెక్ట్. సర్వర్ "నువ్వడిగింది ఇక్కడ లేదు, ఫలానా అడ్రస్‌కి వెళ్లు" అని 301 లేదా 302 కోడ్‌తో జవాబిస్తే బ్రౌజర్ ఆ కొత్త అడ్రస్‌కి వెళ్తుంది. శాశ్వతంగా మారిపోయాం అని చెప్పేది 301, తాత్కాలికం అయితే 302.

కాబట్టి మొదట మీకేం కావాలో తేల్చుకోండి. బ్లాగర్‌లోనో గిట్‌హబ్‌లోనో షాపిఫైలోనో నడుస్తున్న సైటు మీ సొంత పేరుతో తెరుచుకోవాలంటే సీనేమ్ కావాలి. పాత డొమైన్ కొట్టినవాళ్లు కొత్త డొమైన్‌కి వెళ్లిపోవాలంటే రీడైరెక్ట్ కావాలి. చాలాసార్లు రెండూ కావాలి, ఎందుకన్నది కింద ఉత్త డొమైన్ గురించి చెప్పేచోట తెలుస్తుంది.

ఏదీ ముట్టుకోకముందు

మీ డొమైన్ డీఎన్‌ఎస్ నిజంగా ఎక్కడ నడుస్తోందో చూడండి. డొమైన్ ఒక చోట కొంటారు, నేమ్‌సర్వర్లు, అంటే ఆ డొమైన్ రికార్డులు ఉంచుకుని అడిగినవాళ్లకి చెప్పే సర్వర్లు, ఎప్పుడో హోస్టింగ్ కంపెనీకో క్లౌడ్‌ఫ్లేర్ లాంటి డీఎన్‌ఎస్ సర్వీసుకో మార్చి ఉంటారు, ఆ సంగతి మర్చిపోయి రిజిస్ట్రార్ ప్యానెల్‌లో రికార్డులు పెడుతూ ఉంటారు. ఆ రికార్డులు అక్కడ కనిపిస్తాయి, సేవ్ కూడా అవుతాయి, కానీ వాటిని చదివేవాళ్లు ఎవరూ ఉండరు. నేమ్‌సర్వర్లు ఎవరివైతే వాళ్ల ప్యానెల్‌లోనే రికార్డు పెట్టాలి. రిజిస్ట్రార్ దగ్గర లాగిన్ అయి నేమ్‌సర్వర్స్ అనే చోట చూస్తే ఆ పేర్లలోనే ఎవరివో తెలిసిపోతుంది.

తర్వాత, ఇప్పుడున్న రికార్డులన్నిటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముఖ్యంగా ఎంఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులు. మీ డొమైన్ మీద ఈమెయిల్ నడుస్తుంటే అది వీటి మీదే ఆధారపడి ఉంటుంది, సైటు పని చేస్తూ మధ్యలో వీటిని తీసేస్తే మెయిల్స్ రావడం ఆగిపోతాయి. ఆగిన సంగతి కూడా వెంటనే తెలియదు, ఎవరో ఫోన్ చేసి మెయిల్ పంపాను చూడలేదా అని అడిగినప్పుడు తెలుస్తుంది. ఇదే కారణంతో, ఒక్క సీనేమ్ పెట్టడానికి నేమ్‌సర్వర్లే మార్చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఆగి ఆలోచించండి. నేమ్‌సర్వర్లు మార్చడమంటే పాత చోట ఉన్న రికార్డులన్నీ ఒకేసారి వదిలేయడం, కొత్త చోట వాటిని ముందే పెట్టుకుని ఉంటే తప్ప మెయిల్ పోయినట్టే.

మూడోది టీటీఎల్. ఒక రికార్డుని మిగతా సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే అంకె అది. సాధారణంగా 3600 ఉంటుంది, అంటే గంట. నడుస్తున్న సైటుని మార్చేటప్పుడు ముందురోజే దీన్ని 300కి తగ్గించి పెట్టుకోండి. అప్పుడు ఏదైనా తేడా వస్తే వెనక్కి తిప్పుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. అంతా కుదిరాక మళ్లీ పెంచేయొచ్చు.

బ్లాగర్ బ్లాగుకి సొంత డొమైన్

తెలుగులో రాసేవాళ్లలో చాలామంది బ్లాగులు ఇప్పటికీ బ్లాగ్‌స్పాట్‌లోనే ఉన్నాయి, హోస్టింగ్‌కి పైసా అక్కర్లేదు కాబట్టి డొమైన్ ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుంది. అందుకని ఇదే ఉదాహరణగా తీసుకుంటాను. డొమైన్ పేరు ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనుకుందాం, మీది ఉన్నచోట మీది పెట్టుకోండి. ముందు మూడు డబ్ల్యూలున్న పేరుని మూడు డబ్ల్యూల పేరు అంటాను, అవేమీ లేనిదాన్ని ఉత్త డొమైన్ అంటాను.

బ్లాగర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి పబ్లిషింగ్ భాగంలో కస్టమ్ డొమైన్ నొక్కండి. అక్కడ మూడు డబ్ల్యూల పేరు కొట్టి సేవ్ చేయండి. ఎర్రర్ వస్తుంది. రావాలి కూడా, కంగారు పడకండి, ఆ ఎర్రర్ మెసేజ్‌లోనే మీకు కావాల్సిన రెండు సీనేమ్‌లు ఉంటాయి. మొదటిదాని పేరు మూడు డబ్ల్యూలు, గమ్యం జీహెచ్ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్. రెండోదాని పేరు అర్థంపర్థం లేని చిన్న అక్షరాల గుంపు, గమ్యం డీవీ డాట్ గూగుల్‌హోస్టెడ్ డాట్ కామ్‌తో ముగిసే పొడవాటి పేరు. మొదటిది అందరికీ ఒకటే, రెండోది మాత్రం మీ ఒక్కరిదే. ఈ డొమైన్ మీ చేతిలో ఉందని గూగుల్‌కి రుజువు చేసేది ఈ రెండోదే కాబట్టి వేరేవాళ్ల ట్యుటోరియల్‌లో కనిపించింది కాపీ చేస్తే పనికిరాదు. ఆ పేజీ మూసేయకుండా ఇంకో ట్యాబ్‌లో డీఎన్‌ఎస్ ప్యానెల్ తెరవండి.

డీఎన్‌ఎస్ మేనేజ్‌మెంట్ అని గానీ జోన్ ఎడిటర్ అని గానీ ఉంటుంది. కొత్త రికార్డు పెట్టేముందు అక్కడ మూడు డబ్ల్యూల పేరుతో ఇప్పటికే ఏదైనా రికార్డు ఉందేమో చూడండి. డొమైన్ కొనగానే చాలామంది రిజిస్ట్రార్లు తమ పార్కింగ్ పేజీ చూపించడానికి ఒక సీనేమ్‌నో ‘ఏ’ రికార్డునో (పేరుకి నేరుగా ఐపీ అడ్రస్ చెప్పేది) ముందే పెట్టేస్తారు. అది ఉండగా మీరు ఇంకోటి పెట్టబోతే ప్యానెల్ ఒప్పుకోదు, ఎందుకంటే ఒక పేరుకి సీనేమ్ ఉందంటే ఆ పేరు మీద ఇంకే రికార్డూ ఉండకూడదు, రెండో సీనేమ్ కూడా ఉండకూడదు. ఇది రిజిస్ట్రార్ పెట్టిన రూలు కాదు, 1987లో డీఎన్‌ఎస్ ప్రమాణాలు రాసినప్పటి నుంచి ఉన్నదే. కాబట్టి పాతదాన్ని ఎడిట్ చేయండి, లేదా తీసేసి కొత్తది పెట్టండి.

రికార్డు టైప్ దగ్గర సీనేమ్ ఎంచుకోండి. హోస్ట్ లేదా నేమ్ అన్న బాక్స్‌లో మూడు డబ్ల్యూలు మాత్రమే కొట్టండి. మొత్తం డొమైన్ పేరు కొట్టకండి, ప్యానెల్ దాని వెనక మీ డొమైన్‌ని తానే తగిలిస్తుంది, మీరు కూడా రాస్తే ఎగ్జాంపుల్ డాట్ కామ్ రెండుసార్లు వచ్చి ఎవరూ వాడని పేరొకటి తయారవుతుంది. పాయింట్స్ టు లేదా వాల్యూ లేదా టార్గెట్ అన్న బాక్స్‌లో గమ్యం పేరు కొట్టండి. ఇక్కడ పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండకూడదు, వెనక గీత పెట్టి పేజీ పేరు ఉండకూడదు, పోర్టు నంబరు ఉండకూడదు, ఐపీ అడ్రస్ అసలే ఉండకూడదు. నా డొమైన్ కొడితే నేరుగా నా ఫేస్‌బుక్ పేజీకి వెళ్లాలి అని ఆ పేజీ లింకు మొత్తం ఇక్కడ అతికించేవాళ్లున్నారు. అది సీనేమ్ వల్ల అయ్యే పని కాదు, రీడైరెక్ట్ పని.

చివర్లో చుక్క సంగతి కూడా చూసుకోండి. కొన్ని ప్యానెళ్లలో గమ్యం పేరు చివర ఒక చుక్క పెట్టాలి, పేరు అక్కడితో పూర్తయిందని చెప్పడానికి. పెట్టకపోతే గమ్యం వెనక కూడా మీ డొమైన్ తగిలించుకుంటుంది. కొన్ని ప్యానెళ్లు ఆ చుక్కని తామే పెట్టుకుంటాయి. సేవ్ చేశాక లిస్టులో ఎలా కనిపిస్తోందో ఒకసారి చదివితే తెలిసిపోతుంది.

ఇలాగే రెండో సీనేమ్ కూడా పెట్టండి. అందులో అక్షరాలు చేత్తో టైప్ చేయకుండా కాపీ చేసి అతికించండి, చిన్న ఎల్‌కి ఒకటి అంకెకి కంటికి తేడా తెలియదు. అతికించాక ముందూ వెనకా ఖాళీ చేరిందేమో చూడండి.

ఉత్త డొమైన్ దగ్గర వచ్చే చిక్కు

ఇప్పటికి మూడు డబ్ల్యూల పేరు పని చేస్తుంది. కానీ జనం మూడు డబ్ల్యూలు కొట్టడం ఎప్పుడో మానేశారు, ఉత్త డొమైనే కొడతారు. మరి దానికి కూడా సీనేమ్ పెట్టేస్తే పోలేదా అనిపిస్తుంది. పెట్టకూడదు. సీనేమ్ ఉన్నచోట ఇంకే రికార్డూ ఉండకూడదన్నాం కదా, ఉత్త డొమైన్ మీద నేమ్‌సర్వర్ రికార్డులు, ఎస్‌ఓఏ అనే రికార్డు తప్పనిసరిగా ఉండాలి, అవి లేకపోతే డొమైనే లేదు. మీ మెయిల్ నడిపించే ఎంఎక్స్ కూడా అక్కడే ఉంటుంది. కాబట్టి మంచి ప్యానెళ్లు @ గుర్తు (ఉత్త డొమైన్ అని అర్థం) పెట్టి సీనేమ్ ఇవ్వబోతే ఒప్పుకోవు. ఒప్పుకున్న ప్యానెల్ ఏదైనా ఉంటే అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే సైటు తెరుచుకుంటూ ఉంటుంది, మెయిల్ మాత్రం ఒకరోజు వచ్చి ఒకరోజు రాకుండా పోతుంది.

దీనికి మూడు దారులున్నాయి.

బ్లాగర్ వాడుతుంటే ‘ఏ’ రికార్డుల దారి. హోస్ట్ దగ్గర @ పెట్టి నాలుగు ‘ఏ’ రికార్డులు చేర్చండి: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. అక్కడ పార్కింగ్ కోసం పెట్టిన పాత ‘ఏ’ రికార్డు ఉంటే తీసేయండి, లేకపోతే వచ్చినవాళ్లలో కొందరికి మీ బ్లాగు, కొందరికి రిజిస్ట్రార్ ప్రకటనల పేజీ కనిపిస్తుంది. ఇది పెద్ద తలనొప్పి, మీ దగ్గర బాగానే వస్తుంది, పక్కవాళ్ల ఫోన్‌లో రాదు. తర్వాత, కింద చెప్పినట్టు బ్లాగర్‌లో డొమైన్ సేవ్ అయ్యాక, సెట్టింగ్స్‌లో ఉత్త డొమైన్ నుంచి మూడు డబ్ల్యూల పేరుకి మళ్లించే రీడైరెక్ట్ డొమైన్ బటన్ ఆన్ చేయండి. ఇక్కడ చూడండి, ‘ఏ’ రికార్డు మనిషిని గూగుల్ సర్వర్ దాకా తీసుకొచ్చింది, అక్కణ్నుంచి మూడు డబ్ల్యూల పేరుకి మళ్లించింది మాత్రం సర్వర్. మొదట చెప్పిన తేడా ఇదే.

రెండో దారి క్లౌడ్‌ఫ్లేర్ లాంటి చోట డీఎన్‌ఎస్ పెట్టుకోవడం. అక్కడ ఉత్త డొమైన్‌కి కూడా సీనేమ్ ఇవ్వొచ్చు. రూలు ఉల్లంఘించినట్టు కాదు, బయటి ప్రపంచానికి వాళ్లు సీనేమ్ చూపించరు, గమ్యం ఐపీని తామే వెతికి ‘ఏ’ రికార్డుగా జవాబిస్తారు. దీన్నే సీనేమ్ ఫ్లాటెనింగ్ అంటారు. అమెజాన్ రూట్ 53లోనూ మరికొన్ని చోట్లా అలియాస్ అనీ ఏనేమ్ అనీ కనిపించేది కూడా దాదాపు ఇదే పని చేస్తుంది. మూడో దారి రిజిస్ట్రార్ ఇచ్చే డొమైన్ ఫార్వర్డింగ్, దాని గురించి కింద చెప్తాను.

బ్లాగర్ సంగతి ముగించేద్దాం. రికార్డులు పెట్టాక ఒక గంట ఆగి బ్లాగర్‌లో మళ్లీ సేవ్ నొక్కండి. ఈసారి ఒప్పుకుంటుంది. తర్వాత హెచ్‌టీటీపీఎస్ అవైలబిలిటీ ఆన్ చేయండి, సర్టిఫికెట్ తయారవడానికి కొంత సమయం పడుతుంది, అది అయిపోయాక మాత్రమే హెచ్‌టీటీపీఎస్ రీడైరెక్ట్ ఆన్ చేయండి. తొందరపడి రెండూ ఒకేసారి నొక్కేస్తే ఆ మధ్య సమయంలో వచ్చినవాళ్లందరికీ వార్నింగ్ కనిపిస్తుంది. మీ పాత బ్లాగ్‌స్పాట్ అడ్రస్ గురించి టెన్షన్ అక్కర్లేదు, దాన్ని కొడితే బ్లాగరే కొత్త డొమైన్‌కి మళ్లిస్తుంది, పాత పోస్టుల లింకులు కూడా అలాగే పని చేస్తాయి.

క్లౌడ్‌ఫ్లేర్‌లో పెడుతుంటే ఒక జాగ్రత్త. రికార్డు పక్కన నారింజ రంగు మబ్బు గుర్తు ఉంటుంది, దాన్ని బూడిద రంగుకి మార్చి, అంటే డీఎన్‌ఎస్ ఓన్లీ చేసి, మొత్తం పని చేస్తోందని చూసుకున్నాక కావాలంటే నారింజకి మార్చుకోండి. నారింజలో ఉండగా బయటివాళ్లకి మీ సీనేమ్ కనపడదు కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చేవైపు చెకింగ్ ఆగిపోవచ్చు. ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ ఫ్లెక్సిబుల్‌లో ఉండి, అటు హోస్టింగ్ కూడా హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తుంటే, క్లౌడ్‌ఫ్లేర్ హెచ్‌టీటీపీతో అడగడం, సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కి రమ్మనడం, మళ్లీ అదే, మళ్లీ అదే, చివరికి బ్రౌజర్ రీడైరెక్టులు ఎక్కువయ్యాయని చెప్పి చేతులెత్తేస్తుంది. మోడ్‌ని ఫుల్‌కి మారిస్తే పోతుంది.

వేరే హోస్టింగ్ అయితే

పద్ధతి ఇదే, గమ్యాలు మారతాయి. గిట్‌హబ్ పేజెస్ అయితే మూడు డబ్ల్యూల సీనేమ్‌ని మీ యూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓకి పెట్టాలి, రిపాజిటరీ పేరు వెనక తగిలించకూడదు. ఉత్త డొమైన్‌కి 185.199.108.153 నుంచి 185.199.111.153 దాకా, మూడో అంకె మాత్రమే మారుతూ నాలుగు ‘ఏ’ రికార్డులు. రిపాజిటరీ సెట్టింగ్స్‌లో పేజెస్ కింద కస్టమ్ డొమైన్ కూడా రాయాలి, గిట్‌హబ్‌కి మీ పేరు చెప్పే చోటు అదే. షాపిఫై అయితే మూడు డబ్ల్యూల సీనేమ్ షాప్స్ డాట్ మైషాపిఫై డాట్ కామ్‌కి, ఉత్త డొమైన్ ‘ఏ’ రికార్డు 23.227.38.65కి. ఈ గమ్యాలు కంపెనీలు అప్పుడప్పుడూ మారుస్తుంటాయి, మీ డాష్‌బోర్డులో ఏది చూపిస్తే అదే పెట్టండి, దానికీ ఇక్కడున్నదానికీ తేడా ఉంటే డాష్‌బోర్డు మాటే సరైనది.

సీప్యానెల్ (హోస్టింగ్ నడుపుకునే కంట్రోల్ ప్యానెల్) ఉన్న మామూలు షేర్డ్ హోస్టింగ్ అయితే ఉత్త డొమైన్‌కి హోస్టింగ్ ఐపీతో ఒక ‘ఏ’ రికార్డు, మూడు డబ్ల్యూలకి మీ ఉత్త డొమైన్‌నే గమ్యంగా పెట్టి ఒక సీనేమ్. సీనేమ్ నిజంగా సుఖపెట్టేది ఇలాంటి చోటే. రేపు హోస్టింగ్ మార్చి ఐపీ మారితే ఒక్క చోట మార్చితే చాలు, దాని మీద ఆధారపడ్డ పేర్లన్నీ తామే మారిపోతాయి. అలాగని ఒక సీనేమ్ ఇంకో సీనేమ్‌కి, అది మూడోదానికి అని గొలుసు పెంచుకుంటూ పోకండి, ఒక్కో మెట్టుకి ఒక్కో వెతుకులాట, సైటు తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, మధ్యలో ఒక్కటి తెగినా మొత్తం పోతుంది.

పని చేస్తోందో లేదో చూడటం

బ్రౌజర్‌లో కొట్టి చూడటం చివరి పని. బ్రౌజర్, ఫోను, ఇంట్లో రూటర్, ఇంటర్నెట్ కంపెనీ అందరూ పాత జవాబుల్ని గుర్తుపెట్టుకుంటారు. ముఖ్యంగా రికార్డు పెట్టకముందే ఆ పేరు కొట్టి చూశారంటే, అలాంటి పేరు లేదు అన్న జవాబు కూడా కొంతసేపు గుర్తుండిపోతుంది, ఆ తర్వాత రికార్డు పెట్టినా మీకు మాత్రం రాదు, వేరేవాళ్లకి వస్తూ ఉంటుంది. అందుకని ముందు రికార్డు, తర్వాతే పరీక్ష.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్‌తో, టైప్ సీనేమ్ అని ఇచ్చి మీ పేరు అడగండి. చివర 8.8.8.8 చేర్చితే మీ ఇంటర్నెట్ కంపెనీని వదిలేసి గూగుల్ డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది, 1.1.1.1 చేర్చితే క్లౌడ్‌ఫ్లేర్‌ని. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ డిగ్ కమాండ్ ఉంది. కంప్యూటర్ లేకపోతే గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్‌లో డిగ్ పేజీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. జవాబులో మీరు పెట్టిన గమ్యం కనిపిస్తే మీ రికార్డు సరైనదే, ఇక సైటు రాకపోతే తప్పు సర్వర్ వైపు ఉందని అర్థం. గమ్యం కనపడకపోతే నేమ్‌సర్వర్లు ఎవరివో మళ్లీ చూడండి, సగం కేసులు అక్కడే తేలతాయి.

బ్రౌజర్‌లో చూసేటప్పుడు ఇన్‌కాగ్నిటో వాడండి. వైఫై ఆపేసి మొబైల్ డేటాతో కూడా ఒకసారి చూడండి, రెండూ వేరే కంపెనీలవైతే వేరే డీఎన్‌ఎస్‌ని అడుగుతాయి కాబట్టి ఒక చోట వచ్చి ఇంకో చోట రాకపోతే అది గుర్తుపెట్టుకున్న పాత జవాబు సమస్య, ఆగితే సర్దుకుంటుంది. నాలుగు రకాలుగానూ కొట్టి చూడాలి: మూడు డబ్ల్యూలతో, లేకుండా, హెచ్‌టీటీపీతో, హెచ్‌టీటీపీఎస్‌తో. నాలుగూ చివరికి ఒకే అడ్రస్ దగ్గర ఆగాలి.

48 గంటలు ఆగమని అందరూ చెప్తారు కదా, అది ప్రతిదానికీ వర్తించదు. డాట్ కామ్ డొమైన్లకి నేమ్‌సర్వర్ల వివరాలు 172800 సెకన్ల టీటీఎల్‌తో ఉంటాయి, అది సరిగ్గా రెండు రోజులు, కాబట్టి నేమ్‌సర్వర్లు మార్చితే ఆ మాట నిజమే. ఉన్న నేమ్‌సర్వర్ల మీదే ఒక సీనేమ్ మార్చితే పాత రికార్డు టీటీఎల్ ఎంతో అంతసేపే. గంట టీటీఎల్ ఉన్న రికార్డు మర్నాటికీ మారలేదంటే ఇంకా ఆగడం దండగ, ఎక్కడో తప్పుంది, వెతకండి.

పాత డొమైన్ నుంచి కొత్త డొమైన్‌కి

ఇక అసలు మళ్లింపు. మీ దగ్గర పాత డొమైన్ ఉంది, కొత్తది కొన్నారు, పాతది కొట్టినవాళ్లు కొత్తదానికి వెళ్లాలి. పాతదానికి కొత్తదాన్ని గమ్యంగా పెట్టి సీనేమ్ ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. కొత్త సర్వర్‌కి పాత పేరు తెలియదు, సర్టిఫికెట్‌లో పాత పేరు ఉండదు, వార్నింగ్ వస్తుంది. పేరు తెలిసేలా చేసినా అదే సైటు రెండు పేర్లతో తెరుచుకుంటుంది, గూగుల్ సెర్చ్‌కి ఏది అసలుదో తేల్చుకోవడం కష్టమవుతుంది.

మీకు సీప్యానెల్ హోస్టింగ్ ఉంటే, డొమైన్స్ అన్న చోట పాత డొమైన్‌ని కూడా చేర్చండి. దాని ‘ఏ’ రికార్డు హోస్టింగ్ ఐపీకి, మూడు డబ్ల్యూలు సీనేమ్‌తో ఉత్త డొమైన్‌కి. తర్వాత పాత పేరుకి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగండి, చాలా హోస్టింగుల్లో ఆటోఎస్‌ఎస్‌ఎల్ దానంతటదే ఇస్తుంది. పాత సైటు లేకపోయినా సర్టిఫికెట్ ఎందుకంటే, పాత లింకులు హెచ్‌టీటీపీఎస్‌తో ఉంటాయి, బ్రౌజర్ ముందు సర్టిఫికెట్ చూసి తృప్తి పడ్డాకే సర్వర్ చెప్పే మాట వింటుంది. సర్టిఫికెట్ లేకపోతే రీడైరెక్ట్ దాకా విషయం వెళ్లదు. ఇది చాలామంది వదిలేసే మెట్టు.

అప్పుడు రీడైరెక్ట్స్ అన్న చోటికి వెళ్లి పాత డొమైన్ ఎంచుకుని, గమ్యం దగ్గర కొత్త అడ్రస్ మొత్తం, ఇక్కడ మాత్రం హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయండి. వైల్డ్‌కార్డ్ రీడైరెక్ట్ టిక్ పెట్టండి, అప్పుడు పాత డొమైన్‌లో ఏ పోస్టు లింకు కొట్టినా కొత్తదాంట్లో అదే పోస్టుకి వెళ్తుంది. పెట్టకపోతే లోపలి లింకులు మళ్లవు, ఏళ్లుగా జనం షేర్ చేసిన లింకులు అలా దండగ కావడం చూస్తే బాధేస్తుంది, ఆ ఒక్క టిక్ మర్చిపోకండి. మొదట టెంపరరీ, అంటే 302తో పెట్టి పరీక్షించి, అంతా సరే అనుకున్నాక పర్మనెంట్ 301కి మార్చండి. 301ని బ్రౌజర్లు గట్టిగా గుర్తుపెట్టుకుంటాయి, తప్పు గమ్యంతో 301 పెట్టి తర్వాత దిద్దినా అప్పటికే వచ్చి వెళ్లినవాళ్లకి పాత తప్పే తగులుతుంది.

హోస్టింగ్ లేకపోతే రిజిస్ట్రార్ ఇచ్చే ఫార్వర్డింగ్ చాలు. అందులో మాస్కింగ్ అని ఒక ఎంపిక కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి. అది మళ్లించదు, పాత పేరు మీద ఒక ఫ్రేమ్ పెట్టి అందులో కొత్త సైటు చూపిస్తుంది, ఫోన్లలో సరిగ్గా రాదు, అడ్రస్ బార్ మారదు, కాబట్టి లోపలి పేజీల లింకులు అక్కణ్నుంచి కాపీ చేసుకోలేరు. ఫార్వర్డింగ్ పెట్టాక హెచ్‌టీటీపీఎస్‌తో కూడా, లోపలి పేజీ లింకుతో కూడా పని చేస్తోందో చూడండి, కొన్ని చోట్ల హోమ్ పేజీకి మాత్రమే పని చేస్తుంది. అలా అయితే క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లో రీడైరెక్ట్ రూల్ పెట్టుకోవచ్చు. అక్కడ మాత్రం రికార్డు నారింజ మబ్బులోనే ఉండాలి, లేకపోతే బ్రౌజర్ అడిగేది ఆ రూలు ఉన్న వాళ్ల సర్వర్ దాకా వెళ్లదు. వెనక అసలు సర్వర్ ఏదీ లేకపోతే 192.0.2.1 అనే ఉత్తుత్తి ఐపీతో ‘ఏ’ రికార్డు పెట్టుకుంటే సరిపోతుంది.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పాత, కొత్త డొమైన్లు రెండూ వెరిఫై చేసి ఛేంజ్ ఆఫ్ అడ్రస్ కూడా ఇవ్వండి. రీడైరెక్ట్‌ని కనీసం ఏడాది ఉంచండి, అంటే పాత డొమైన్‌ని అప్పటిదాకా రెన్యూ చేస్తూ ఉండాలి. నన్నడిగితే ఇంకా ఎక్కువే ఉంచుకోమంటాను. బాగా తెలిసిన పాత పేరు వదిలేస్తే దాన్ని ఎవరో కొని మీ పాత పాఠకులకి ఏదో పనికిమాలిన సైటు చూపిస్తారు.

తెలుగు అక్షరాల డొమైన్ ఉంటే

డాట్ భారత్ డొమైన్ తెలుగు లిపిలోనూ తీసుకోవచ్చు, డాట్ ఇన్ నడిపే నిక్సీయే దాన్నీ నడుపుతుంది. డీఎన్‌ఎస్ లోపల మాత్రం తెలుగు అక్షరాలు ప్రయాణించవు, పేరు ఎక్స్‌ఎన్ అన్న రెండక్షరాలు, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఇంగ్లిష్ రూపంలోకి మారుతుంది. దీన్ని ప్యూనీకోడ్ అంటారు. కొన్ని ప్యానెళ్లు తెలుగులో కొడితే తామే మార్చుకుంటాయి, కొన్ని ఎర్రర్ ఇస్తాయి, అప్పుడు ప్యూనీకోడ్ రూపాన్నే కాపీ చేసి పెట్టండి. కస్టమ్ డొమైన్ బాక్స్‌లోనూ, రీడైరెక్ట్ గమ్యంలోనూ అదే పద్ధతి. ఇలాంటి డొమైన్ ఉన్నవాళ్లు దాన్ని అసలు సైటుకి మళ్లించి పెట్టుకుంటే ఎవరు ఏ లిపిలో కొట్టినా సైటు దొరుకుతుంది.

సైటు ఆపేసినప్పుడు

బ్లాగు తీసేస్తారు, షాపిఫై స్టోర్ మూసేస్తారు, గిట్‌హబ్ రిపాజిటరీ డిలీట్ చేస్తారు, కానీ సీనేమ్ అలాగే ఉండిపోతుంది. అది ఇంకా ఆ కంపెనీ సర్వర్ వైపే చూపిస్తుంటుంది, అక్కడ ఆ పేరు ఇప్పుడు ఎవరిదీ కాదు. కొన్ని సర్వీసుల్లో వేరే ఎవరైనా తమ అకౌంట్‌లో మీ పేరు రాసుకుని మీ సబ్‌డొమైన్ (బ్లాగ్ డాట్ ఎగ్జాంపుల్ డాట్ కామ్ లాంటి, డొమైన్ ముందు ఇంకో పేరు చేర్చినది) మీద తమ పేజీ పెట్టేయగలరు. చూసేవాళ్లకి అది మీ సైటే, సర్టిఫికెట్ కూడా సరైనదే కనిపిస్తుంది, దాంతో మోసాలు చేస్తారు. స్టార్ గుర్తుతో, అంటే ఏ సబ్‌డొమైన్ కొట్టినా అటే వెళ్లేలా సీనేమ్ పెట్టుకున్నవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, అవసరం లేకపోతే అలా పెట్టకండి. మూసేసేటప్పుడు ముందు సీనేమ్ తీసేయండి, దాని టీటీఎల్ గడిచేదాకా ఆగి అప్పుడు అకౌంట్ మూయండి. ఇప్పటికే చాలా సబ్‌డొమైన్లు ఉన్నవాళ్లు ఒకసారి డీఎన్‌ఎస్ ప్యానెల్ తెరిచి, ప్రతి సీనేమ్ పక్కన ఉన్న గమ్యం చూసి, ఆ సర్వీసులో మీ అకౌంట్ ఇంకా ఉందా లేదా అని సరిచూసుకుని, లేనివన్నీ ఇవాళే తీసేయండి.